క్రిమి పాతది, మొండితనము క్రొత్తది

కోట వెలుపలి శత్రువును గుర్తించుట సులభము. ఇంటిలోనే పెరిగినవాని ముఖము తెలియుటకు ఏండ్లు పట్టును. మన కడుపులోని పుండ్ల చరిత్ర యిట్టిదే. కారము తినుటచేతను, మనోవ్యథచేతను పుండ్లు పుట్టునని వైద్యలోకమే నమ్మియుండగా, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులు హెలికోబాక్టర్ పైలోరీ యను మెలిదిరిగిన సూక్ష్మక్రిమిని పెంచి చూపిరి. నమ్మినవారు కొద్దిమంది. 1984లో మార్షల్ ఆ క్రిములను తానే త్రాగి, జబ్బు తెచ్చుకొని సత్యమును నిలిపెను. 2005లో వారిరువురకును నోబెలు బహుమానము లభించినది. జీర్ణాశయమునందును, చిన్నప్రేవు మొదటను పుండ్లు పుట్టుటకు ఈ క్రిమి ముఖ్యకారణమనియు, కొందరియందు క్యాన్సరునకు సైతము దారితీయుననియు నేడు నిర్వివాదము.

ఇది పరదేశపు వార్త యని మన పాఠకులు పత్రికను ప్రక్కన బెట్టనక్కరలేదు. హైదరాబాదు తూర్పుకొననున్న నాచారమున, యంత్రశాలల నడుమ నాడు వెలసియుండిన డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నోస్టిక్స్ కేంద్రమునందు డాక్టరు నియాజ్ అహ్మద్ గారును, వారి సహచరులును ఈ క్రిమి వంశవృక్షమును శోధించిరి. భారతీయుల కడుపులనుండి తీసిన క్రిముల జన్యువులను అన్యదేశముల క్రిములతో పోల్చి, మనవి యూరపు క్రిములకు దాయాదులనియు, ప్రాచీనకాలపు వలసలలో మనుష్యులతోడనే యీ నేలకు వచ్చియుండుననియు 2007లో ప్రకటించిరి. ఆ కేంద్రము నేడు ఉప్పలునందున్నది.

వంశవృక్షము తెలిసినంతమాత్రమున కడుపునొప్పి తగ్గునా యని హాస్యమాడువారు గలరు. వారికి మా ప్రత్యుత్తరమిది. క్రిమి జాతి యొక్కటియైనను, దాని నడవడి దేశమును బట్టి మారును. పరదేశపు గ్రంథమున వ్రాసిన మందు మన క్రిమిపై పనిచేయునో లేదో మన ప్రయోగశాలలే తేల్చవలయును. 2003లో వెలువడిన యొక పరిశోధనమున, హైదరాబాదు మొదలగు మన నగరముల రోగులనుండి తీసిన క్రిములలో నూటికి 70కి పైగా మెట్రోనిడజోలు అను మందునకు లొంగలేదు. పాశ్చాత్యులు నమ్మి వాడుచుండిన మందు మనయొద్ద మొద్దుబారిన కత్తి యైనది!

ఇందెవరి దోషము? విరేచనములైన దినమున వైద్యుని చూడక దుకాణమునకు పరుగిడి, ఇదే మందు రెండు బిళ్లలు కొని మ్రింగి, నొప్పి తగ్గగానే మానివేయు అలవాటు మన పట్టణములలో ఇంటింట గలదు. చీటి లేక యిట్టి మందు లమ్మరాదని చట్టమున్నది. అమ్మువానికి భయము లేదు, కొనువానికి సిగ్గు లేదు. చావక మిగిలిన క్రిములు బలపడి సంతానము పెంచుకొనును. ఈ క్రిమి తరచుగా బాల్యముననే, ఒకే కుటుంబమువారిలో నొకరినుండి యొకరికి సంక్రమించును. కావున తండ్రి చేసిన తప్పు బిడ్డ కడుపున వ్యాధియై నిలుచును.

స్వరాజ్యమనగా మన దేహములపై మనకు గల యేలుబడి కూడ. ప్రభుత్వము ఉప్పలు, నాచారముల విజ్ఞానమును ఆ గోడలలోనే నిలుపక, ఏ మందునకు ఏ క్రిమి లొంగునో పరీక్షించు వసతిని జిల్లా ఆసుపత్రులన్నిటను కల్పింపవలయును. దుకాణదారుడు చీటి చూడవలయును. రోగి వైద్యుడు చెప్పిన దినములన్నియు మందు పుచ్చుకొనవలయును. శుభ్రమైన నీరు, చేతులు కడుగుకొను నలవాటు ప్రతి యింటను ఉండవలయును.

క్రిమిని మన పూర్వులు తెచ్చిరి. దానికి మనము బాధ్యులము కాము. దాని మొండితనమును పెంచినవారము మనమే. ఆ ఋణమును మన బిడ్డలచే తీర్పింపజూచుట న్యాయమా?