పాత నాణెమును తోమవచ్చునా?

మా పాఠశాలలో పాత వస్తువుల ప్రదర్శనము జరుపదలచి, ఇండ్లలోని పూర్వపు నాణెములను శుభ్రపఱచి తెండని నేను బాలురతో జెప్పితిని. ఆ మాట నాదే; అందువలన గలిగిన నష్టమును నాదే. పెద్దపంజాణికి సమీపగ్రామమునుండి వచ్చు బాలుడొకడు తన అవ్వ దాచుకొనిన రాగి దుడ్డును చింతపండును ఇటుకపొడియు బెట్టి రాత్రియెల్ల తోమి తెచ్చెను. అది బంగారమువలె మెఱయుచుండెను. ఏనుగు ఛాయగా గనబడుచుండెను, అక్షరమొక్కటియు మిగులలేదు.

అది టిప్పు సుల్తాను (1782–1799) కాలపు కాసు. ఆయన రాగి కాసులపై ఒక ప్రక్క ఏనుగును, రెండవ ప్రక్క టంకశాల పేరును ఉండెడివి. శ్రీరంగపట్టణము, బెంగుళూరు, నగరము, మన గుత్తి మొదలగు చోట్ల అవి ముద్రింపబడెను. ఏ శాలదో, ఏ యేటిదో తెలిసినగాని అది విరివిగా దొరకునదో అరుదైనదో చెప్పజాలము. కావున స్థితి వేఱు, అరుదుతనము వేఱు అనువారితో నేనేకీభవింపను. కాసు చెడిన, దాని అరుదుతనమునకు సాక్షియే పోవును.

"ఎన్నేండ్లనాటిది?" అని తల్లిదండ్రులు మొదట నడుగుదురు. వయస్సే వెల కాదు. శాతవాహనుల నాణెములు పెద్దబంకూరు మొదలగు చోట్ల వేలకొలది దొరకినవి. అందు సామాన్యమైనవి రెండువేల యేండ్లవాటివైనను స్వల్పపు వెలకే లభించును. ఆఱవ జార్జి బొమ్మగల 1939 నాటి వెండిరూపాయి నిన్నటిదే యైనను మిక్కిలి అరుదు. అందుచే దానికి నకిలీలును బుట్టినవి. 1911 నాటి రూపాయిపై రాజు ఉత్తరీయమునందలి ఏనుగు పందివలె నున్నదని జనులు గోలచేయగా, ప్రభుత్వము వానిలో బెక్కింటిని కరగించి మఱుసటి యేట తొండమును దిద్దించెను.

కాసులపేరునకు కొక్కెమతికించినను, బిడ్డ మొలత్రాటికై బెజ్జము పొడిచినను సేకరించువారి దృష్టిలో వెల తగ్గును. 1943 నాటి కానీకున్న బెజ్జము మాత్రము లోపము గాదు. యుద్ధకాలమున లోహము పొదుపుచేయుటకై టంకశాలయే దానిని బెట్టినది.

"అయ్యవారూ, మరల నల్లగా జేయవచ్చునా?" అని బాలుడడిగెను. వీలులేదంటిని. ఆ నలుపు ఏండ్లతరబడి తానై పట్టినది. ఈ యేటి ప్రకటనలో "శుభ్రపఱచి" అను మాట కొట్టివేసి, "ఉన్నదున్నట్లుగా, ఎచ్చట దొరకినదో కాగితముపై వ్రాసి" అని చేర్చితిని.