పోయిన వస్తువులు – మోపిన నిందలు

ప్రతి సంవత్సరమును భాద్రపద శుద్ధ చవితినాడు మన యిండ్లలో విఘ్నేశ్వరుని పూజించి, చేత నక్షతలు పట్టుకొని, శమంతకమణి కథ విందుము. కథ ముగిసిన వెంటనే యా యక్షతలు తలపై జల్లుకొని, ఇక నీ యేడు మనకు నీలాపనింద లంటవని సంతోషింతుము. మన కంటకుండుట మంచిదే. కాని మన నోటినుండి వెడలి యొరుల నంటు నిందల మాట యేమి? ఆ యుదయమున వాకిలి యూడ్చి, కల్లాపి చల్లి, పూజ యయిన పిదప గిన్నెలు తోమిన పనికత్తెకు ఆ యక్షతలలో నొక గింజయైనను దక్కినదా? నిందకు వెఱచి యక్షతలు వేసికొనవలసినవారు మన యిండ్లలో నెవరైన నున్నచో, ఆమెయే గదా మొదటిది!

ఇంటిలో నొక వస్తువు కనబడనప్పుడు జరుగు తంతు చదువరు లెఱుగనిది కాదు. మొదట బల్లలమీదను పరుపుల క్రిందను వెదకుదురు. కొంతసేపటికి ఒకరిపై నొకరు విసుగుకొందురు. అటుపిమ్మట నెవరో యొకరు గొంతు తగ్గించి, "ఈ యుదయమున లోపలిగది యూడ్చిన దెవరు?" అందురు. అంతటితో వెదకుట సమాప్తము, విచారణ ప్రారంభము. నాలుగు దినములు మన యింట నుండి వెడలిన అల్లుని సంచి విప్పి చూచిన మామగారిని మే మింతవఱకు చూచియుండలేదు. పొరుగింటి వకీలుగారు సంతకము కొఱకు మన కలమును తీసికొని తన జేబులో పెట్టుకొని పోయినచో అది మతిమఱపు. ఆ కలమే పనికత్తె చేతిలో కనబడినచో అది దొంగతనము. మతిమఱపు గూడ మనుష్యుల జీతమును బట్టి పేరు మార్చుకొనుచున్నది! ఇది నేటి వింత గాదు. కాళిదాసుని నాటకములో చేపకడుపున దొరికిన యుంగరమును అమ్మజూపిన జాలరిని రక్షకభటులు కట్టి కొట్టుచు నీడ్చుకొని పోయిరి. ఉంగరమును పోగొట్టుకొన్నది శకుంతల. ఇచ్చి మఱచినవాడు రాజు. దెబ్బలు తిన్నవాడు జాలరి.

ఒరులను దూషించుటకు ముందు మా తప్పు చెప్పుకొనుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట మా బీరువా తాళపుచెవుల గుత్తి కనబడక పోయెను. ఎనిమిదేండ్లనుండి మా యింట పనిచేయుచున్న యామెను మేము దొంగ యనలేదు. అంతటి మోటుతనము మాకు లేదని యప్పుడు గర్వపడితిమి గూడ. "నీవు చూచితివా?" యని మాత్ర మడిగితిమి. సాయంకాల మింకొకసారి యడిగితిమి. మఱునాడు మూడవసారి యడిగితిమి. ఒక ప్రశ్నకు "లేదు" అని యుత్తరము వచ్చిన పిమ్మట దానినే మరల నడుగుటకంటె వేఱు నింద యేది? నాలుగవనాడు ఆమె రాలేదు. పండ్రెండవనాడు తాళపుచెవులు దొరకినవి, ఎక్కడ? మేమే యొక పెండ్లికి తీసికొనిపోయిన పెట్టె ప్రక్క యరలో. చంకలో పిల్లను పెట్టుకొని యూరంతయు వెదకిన కథ! సిగ్గుతో నామె యింటికి పోయితిమి. ఆమె గుమ్మములో నిలిచి, "దొరికాయా అయ్యగారూ? పోన్లెండి, మంచిదయింది" అన్నది. అంతకు మించి యొక్క మాట లేదు. మరల మా యింటికి పనికి రాలేదు. సత్రాజిత్తు నింద మోపినందుకు పశ్చాత్తప్తుడై మణిని, మణికంటె మిన్నయైన కూతును గూడ నర్పించెను. మేము రెండునెలల జీత మర్పింపబోగా ఆమె చేయి చాపలేదు.

అటుపిమ్మట మేమొక జాడబిళ్లను కొంటిమి. ఆంగ్లవిద్య నేర్చిన పిల్లలు దీనిని బ్లూటూత్ ట్రాక రందురు. 2013 ప్రాంతమున టైల్ అను కంపెనీవారు దీనిని ప్రచారములోనికి తెచ్చిరి. 2021 జనవరిలో శాంసంగువారును, ఏప్రిలులో ఆపిల్ వారును తమ తమ బిళ్లలను ప్రకటించిరి. ఆపిల్ వారి యెయిర్‌ట్యాగు పదిరూపాయల నాణెముకంటె కొంచెము పెద్దది: వ్యాసము 31.9 మిల్లీమీటర్లు, మందము 8 మిల్లీమీటర్లు, బరువు 11 గ్రాములు. లోపల గడియారపు బిళ్లవంటి బ్యాటరీ యొకటి. అది సుమా రేడాది పనిచేయును. తాళపుచెవుల గుత్తికో, పర్సులోనో, ప్రయాణపు పెట్టెలోనో దీనిని తగిలించినచో, వస్తువు దగ్గఱనే యున్నపుడు మన ఫోనులో నొక మీట నొక్కిన చాలును, పిలిచినట్లు కూయును. ఇంటిలో పోయిన వాటిలో మిక్కుటము మన యింటిలోనే యుండును గనుక, ఈ కూత యొక్కటియే దాని ధరను తీర్చివేయును. దూరముగ నున్నపుడు పని వేఱు విధముగ జరుగును. ఆ బిళ్ల సన్నని సంకేతము నెడతెగక పంపుచుండును. దాని ప్రక్కనుండి పోవు పరాయివాని ఫోను ఆ సంకేతమును విని, తానున్న చోటును రహస్యలిపిలో పైకి పంపును. ఆ లిపిని చదువగలవాడు బిళ్ల యజమాని యొక్కడే. దారిన పోవువానికి తాను చేసిన యుపకారము తనకే తెలియదు.

శ్రీకృష్ణుడు తనపై బడిన నిందను బాపుకొనుటకు ఒట్టు పెట్టుకొని కూర్చుండలేదు. అడవికి పోయి యడుగుల జాడ పట్టెను. ప్రసేనుని కళేబరమునొద్ద సింగపు టడుగులు, సింగపు కళేబరమునొద్ద ఎలుగుబంటి యడుగులు, వాని వెంబడి గుహ, గుహలో నుయ్యాలకు గట్టిన మణి. మన మేటేట విని యక్షతలు వేసికొను కథ యిదియే. దానిలోని యడుగుల జాడను విడిచిపెట్టి యక్షతలను మాత్రమే పట్టుకొంటిమి.

ఇక నాక్షేపకుల సంగతి. "ఇది ధనికుల విలాసము, మన పెద్దలు ఇవి లేకయే బ్రతుకలేదా?" యని కొందరు. బ్రతికిరి; వారి పనివాండ్రు బ్రతికిన తీరు గూడ నడిగి తెలిసికొనుడు. 2021లో ఎయిర్‌ట్యాగు మన దేశమునకు వచ్చినపుడు ధర 3,190 రూపాయలు. 2023లో జియోవారు తమ బిళ్లను 749 రూపాయలకు విక్రయింప మొదలిడిరి. పట్టుచీరకు జరీయంచు బేరమాడు నింట ఈ సొమ్ము విలాస మనిపించుకొనదు. మఱికొందఱు ఆక్షేపింపరు గాని నవ్వి యూరకుందురు, ఏలయన వారికి అంజనము వేయువాడు తెలిసియున్నాడు. తమలపాకుపై కాటుక పూసి, పసిబిడ్డచేత దానిలోనికి చూపించి, "నల్లని స్త్రీ, తూర్పుదిక్కున నుండునది, మీ యింటికి రాకపోకలు గలది" యని పలికించు విద్య నేటికిని బట్టకట్టుచున్నది. డిగ్రీలు పుచ్చుకొన్నవారును దక్షిణ లిచ్చుచున్నారు. పోయిన సొమ్ము దొరకవలెనని కార్తవీర్యార్జునుని తలచుకొనువారు తలచుకొందురు గాక; ఆ తలపు ఎవరిని నిందింపదు గనుక దానితో మాకు తగవు లేదు. అంజనముతో మాకు గల తగ విది: వస్తు వెక్కడ నున్నదని యడుగ బోయినవానికి అది ఎవరు తీసిరని చెప్పును. బిళ్ల యెక్కడ నున్నదో చెప్పును, ఎవరని యెన్నడును చెప్పదు.

దీనికి లోపములు లేకపోలేదు. ముక్కుపుడకకును ఉంగరమునకును దీనిని కట్టలేము. నగలపెట్టెకు మాత్రమే కట్టగలము. పల్లెలలో ఆపిల్ ఫోనులు తక్కువ గనుక ఆపిల్ బిళ్ల అచట మూగవోవును. 2024 ఏప్రిలు నుండి గూగులువారు ఆండ్రాయిడు ఫోనుల నిటువంటి పనికే కూర్ప మొదలిడిరి గాని, జనసంచారము పలుచగ నున్నచోట అదియు నంతంతమాత్రమే.

ఇంతవఱకు మాతో తల యూచుచు వచ్చిన చదువరులలో కొందఱు ఇకమీద మాపై కోపింతురు. కోపింపనిండు. మా మిత్రు డొకడు, సంస్కారి, సభలలో స్త్రీవిద్యనుగూర్చి యుపన్యసించువాడు, ఈ బిళ్ల నతిశయముగ మెచ్చుకొని, తాను మూడు కొంటి ననెను. ఒకటి కళాశాలకు పోవు కూతురి సంచి యడుగున, ఆమెకు తెలియకుండ. రెండవది కోడలి స్కూటరు సీటు క్రింద. మూడవది పనికత్తె యన్నపుగిన్నె సంచి కుట్టులో. తాళపుచెవులకు మాత్ర మొకటియు లేదు! నింద నార్పవలసిన పనిముట్టు నింద నంటించు కొఱవి యైనది. అనుమానము పెనుభూత మని మన పెద్దలు చెప్పిరి. ఆ భూతమునకు మా మిత్రుడు బ్యాటరీ వేసి, యేడాదికొకసారి మార్చుచు పోషించుచున్నాడు.

"కూతురి క్షేమము కొఱకే" యని యతని యుత్తరము. క్షేమము కొఱకైనచో ఆమెకు చెప్పుట కేమి యడ్డము? చెప్పి, యామె సమ్మతించి తనచేత తాను సంచిలో వేసికొన్న బిళ్ల క్షేమము. చెప్పక దాచిన బిళ్ల వేగు. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము మనుష్యుని యాంతరంగిక జీవితము ప్రాథమికహక్కులలోని దని తీర్పు చెప్పినది. స్త్రీని వెంటాడుట 2013 నుండి శిక్షాస్మృతిలో నేరము. 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత 78వ సెక్షనులో నున్నది. వీథిలోని పోకిరి కాళ్లతో వెంటాడుచున్నాడు, ఇంటిలోని పెద్దమనిషి బిళ్లతో వెంటాడుచున్నాడు. ఈ రెంటికి గల భేదమును మా మిత్రుడే తన తదుపరి యుపన్యాసములో వివరింపవలెను.

తయారుచేసినవా రీ దుర్వినియోగము నెఱుగనివారు కారు. బిళ్ల వస్తువులకే గాని మనుష్యులకు గాదని ఆపిల్ వారే చెప్పిరి. యజమాని ఫోనునకు దూరమై యితరులతో తిరుగుచున్న బిళ్ల మొదట మూడుదినములకు కూసెడిది. 2021 జూనులో ఆ గడువును ఎనిమిదింటినుండి యిరువదినాలుగు గంటల లోపునకు తగ్గించిరి. 2024 మే నెలలో ఆపిల్, గూగుల్ ఉభయులును గలసి, తెలియని బిళ్ల వెంటవచ్చుచున్నచో ఏ కంపెనీ ఫోనైనను హెచ్చరించునట్లు ఏర్పాటు చేసిరి. మంచిదే. కాని యీ రక్షణ యెవరికి? కూతురు సాయంకాలమున ఇల్లు చేరును. బిళ్ల తండ్రి ఫోనును మరల కలిసికొనును. గడువు మరల మొదటికి వచ్చును. పనికత్తె ప్రతి యుదయమును ఆ యింటికే వచ్చును. పరాయివాని వేగును పట్టియిచ్చు కూత యింటివాని వేగును పట్టియీయజాలదు. ఫోనులోని హెచ్చరికయందురా, మీటల ఫోను తప్ప వేఱెఱుగని పనికత్తె దాని నెచ్చట చదువును?

మతిమఱపు వ్యాధివలన ఇల్లు విడిచి దారి తప్పు వృద్ధులమాట యేమని యడుగుదురు. తెలివి నిలిచియున్న వేళ వారికి చెప్పి, వారి యిచ్ఛతో బహిరంగముగ కట్టినచో మాకు విరోధము లేదు. కాని యీ వృద్ధులను ముందు నిలిపి వారి వెనుకనుండి కోడండ్ర స్కూటర్లలో బిళ్లలు దాచువారి వాదమును మే మంగీకరింపము.

మా యింట నిప్పుడు పనిచేయునామె వేఱొకతె. ఆమె వచ్చిన మొదటిదినముననే తాళపుచెవులను ఆమె చేతి కిచ్చి, బిళ్లను చూపి, ఫోనులో మీట నొక్కి కూయించితిమి. ఆమె నవ్వినది. మొన్నటి సోమవారము ఉదయమున గుత్తి మరల కనబడలేదు. మే మింకను బల్ల క్రిందికి వంగుచుండగా నామె చీపురు చేతబట్టుకొని గుమ్మమునొద్దనే యాగి, లోపలికి రాక, "ముందు మోగించండి అయ్యగారూ" అన్నది. మీట నొక్కితిమి. పాత వార్తాపత్రికల దొంతర క్రిందనుండి బిళ్ల కూసినది. అప్పుడామె లోపలికి వచ్చి యూడ్వసాగినది.