పాత హార్డ్ డిస్క్ పారేసే ముందు ఒక్కసారి లోపల వెతకండి

2019 సంక్రాంతికి తెనాలిలో మా బాబాయి డీటీపీ షాపు సర్దుతూ నేనో ఘనకార్యం చేశా. అటక మీద దుమ్ము పట్టిన ఖాళీ డబ్బాలన్నీ పాత పేపర్లవాడికి వేసేశా. అందులో ఆఫీస్ 2010 డబ్బా ఒకటి. 25 అక్షరాల ప్రొడక్ట్ కీ ఉన్న కార్డు దాన్లోనే ఉందని మే నెలలో షాపు సిస్టమ్ మదర్‌బోర్డ్ పోయాక తెలిసింది. బాబాయి ఏమీ అనలేదు. పిన్ని మాత్రం "బీటెక్ చదివేవాడివి, ఆ మాత్రం చూసుకోవద్దట్రా?" అంది.

సర్వీస్ అబ్బాయి వచ్చి "కీ ఎందుకండీ, క్రాక్ వేసేస్తా, మూడొందలివ్వండి" అన్నాడు. నా పేచీ ఇక్కడే. కీ పోయిందంటే మనవాళ్లకి తట్టేవి రెండే దారులు. ఒకటి క్రాక్, రెండోది ఆన్‌లైన్‌లో కారుచవగ్గా దొరికే కీ. క్రాక్ రన్ చేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఊళ్లో సగం మంది ఆధార్ స్కాన్‌లు ఉండే షాపు సిస్టమ్‌లో ఆ పని ఎలా చేస్తాం? చవక కీలేమో చాలాసార్లు ఏదో సంస్థకిచ్చిన వాల్యూమ్ లైసెన్స్ కీలు. అవి బ్లాక్ అయిన రోజు మీ డబ్బులూ పోయినట్టే. ఈలోగా మీరు డబ్బు పెట్టి కొన్న అసలు కీ పాత డిస్క్‌లో హాయిగా కూర్చుని ఉంటుంది. దాన్ని వెతుకుదామని ఎవరికీ తోచదు.

బాబాయి సిస్టమ్‌లో పోయింది బోర్డే, డిస్క్ బాగానే ఉంది. సాటా టు యూఎస్‌బీ కేబుల్‌తో నా ల్యాప్‌టాప్‌కి తగిలించా. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, దాన్లో కాన్ఫిగ్, అందులో 'సాఫ్ట్‌వేర్' అనే ఎక్స్‌టెన్షన్ లేని ఫైల్ ఉంటుంది. రిజిస్ట్రీలో మనకి కావాల్సిన భాగం అదే. దాన్ని కాపీ చేసుకుని, మన రిజిస్ట్రీ ఎడిటర్‌లో 'లోడ్ హైవ్' ఆప్షన్‌తో తెరవొచ్చు. పాత విండోస్ బూట్ అవ్వక్కర్లేదు. కీ మాత్రం నేరుగా కనిపించదు, 'డిజిటల్ ప్రొడక్ట్ ఐడీ' అనే బైనరీ విలువలో దాక్కుంటుంది. ఆ కాలం కీలలో వాడేవి 24 గుర్తులే. ఏ, ఈ, ఐ, ఓ, యూ అస్సలుండవు. 15 బైట్ల సంఖ్యని 24తో భాగిస్తూ పోతే, వచ్చే ప్రతి శేషం ఒక అక్షరం.

ఇంత తెలిశాక ఊరుకుంటామా! పైథాన్‌లో ఓ ఇరవై లైన్లు రాశా. విండోస్ కీ వచ్చింది, ఆఫీస్‌కి మాత్రం చెత్త వచ్చింది. ఆఫీస్ 2010లో ఆ బైట్లు ఉండే చోటు వేరని తర్వాత తెలిసింది. చివరికి నిర్‌సాఫ్ట్ వాళ్ల ప్రొడ్యూకీకి ఆ డిస్క్‌లోని విండోస్ ఫోల్డర్ చూపిస్తే నిమిషంలో తేల్చేసింది. (యాంటీవైరస్‌లు దీన్నీ అనుమానిస్తుంటాయి. అసలు సైట్ నుంచే దించుకోండి, 'కీ రికవరీ' అని కనపడ్డ ప్రతిదాన్నీ కాదు.) ఆఫీస్ రిటైల్ డబ్బా కాబట్టి కొత్త సిస్టమ్‌కి మార్చుకునే హక్కుంది. ఫోన్ యాక్టివేషన్‌తో పనైపోయింది.

విండోస్ 7 కీ దొరికినా పనికిరాలేదు. బ్రాండెడ్ సిస్టమ్‌లలో కంపెనీ వేసి ఇచ్చే కీ ఆ రకం మెషీన్లన్నిటికీ ఒకటే. ఆ మెషీన్‌కి సొంతమైన కీ క్యాబినెట్ మీది స్టిక్కర్‌లో ఉంటుంది. మా స్టిక్కర్ మీద ఏడేళ్ల దసరా పూజల పసుపు, కుంకుమ! అది చదవగలిగినా ఓఈఎం లైసెన్స్ వేరే మెషీన్‌కి చెల్లదు కూడా. అందుకే కీ దొరికితే లైసెన్స్ దొరికినట్టేనని సంబరపడొద్దు.

డిస్క్ ఫార్మాట్ చేసినా, పైన ఇంకేం రాయకపోతే ఫైల్ రికవరీ టూల్స్‌తో ఆ హైవ్ దొరికే అవకాశం ఉంది. ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ వల్ల ఆశ వదులుకోవచ్చు.

ఇదంతా పాత సాఫ్ట్‌వేర్ సంగతి. ఆఫీస్ 2013 నుంచి డిస్క్‌లో మిగిలేది కీలోని చివరి ఐదు అక్షరాలే. విండోస్ 8 నుంచి ల్యాప్‌టాప్ కీ మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లింది. విండోస్ 10 వచ్చాక డిజిటల్ లైసెన్స్ అన్నారు. అలాంటి సిస్టమ్‌లో ప్రొడ్యూకీ రన్ చేస్తే అందరికీ వచ్చే జెనరిక్ కీయే మీకూ రావొచ్చు.

అకౌంట్‌తో ముడిపెట్టడమే సేఫ్ అని నా కొలీగ్స్ వాదన. మనలాంటివాళ్లకి నిజమే. డబ్బా పోయినా, డిస్క్ కాలినా లాగిన్ అయితే చాలు. కానీ చిన్న షాపుల్లో ఆ అకౌంట్ ఎవరు క్రియేట్ చేస్తారో ఎప్పుడైనా చూశారా? ఇన్‌స్టాల్ చేయడానికొచ్చిన కుర్రాడు అప్పటికప్పుడు ఓ మెయిల్ ఐడీ సృష్టిస్తాడు, తన నంబర్ ఇస్తాడు, వెళ్లిపోతాడు. కీ పోతే నేను డిస్క్ తవ్వగలిగా. మెయిల్ ఐడీ పోతే ఎక్కడ తవ్వను? డబ్బు పెట్టి కొన్నవాడి చేతిలో, ఏ లాగిన్ అవసరం లేకుండా, కాగితం మీద రాసుకోగలిగే రుజువు ఒకటి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ఇప్పటి సిస్టమ్‌లు దాన్నే లాగేసుకున్నాయి.

ఆ 2010 కీని బాబాయి జమాఖర్చుల పుస్తకం మొదటి పేజీలో 'శ్రీరామ' కింద స్కెచ్ పెన్‌తో రాసుకున్నాడు. పోయినేడాది కొత్త సిస్టమ్, కొత్త ఆఫీస్ కొన్నాడు. మొన్న ఊరెళ్లినప్పుడు అది ఏ మెయిల్ మీదుంది బాబాయ్ అనడిగా.

"ఏమోరా, ఆ అబ్బాయే ఏదో పెట్టాడు. ఇప్పుడు బెంగళూరులో చేస్తున్నాట్ట" అన్నాడు.