ఆటపెట్టె గుమ్మంలో సుంకరి

కొత్త వీడియో గేమ్ యంత్రానికి పాత కంట్రోలర్ పనిచెయ్యదంటే మన విద్యావంతులు కూడా “సాంకేతికాభివృద్ధి మరి!” అని తల వూపుతున్నారు. యీ తల వూపటం మీదనే నా అభ్యంతరం. అభివృద్ధి పేరు చెప్పి అమ్ముతున్నది ఎంత, అభివృద్ధి ఎంత అని లెక్క చూడవలసిన వాళ్లు కళ్లు మూసుకుంటే ఆ లెక్క వ్యాపారే వ్రాస్తాడు.

కంట్రోలర్ యంత్రంతో కలియటంలో రెండు విషయాలున్నాయి. ఒకటి ప్లగ్గు ఆకారం. రెండవది తీగలో నడిచే సంకేతాల భాష. భాష మారితే కొత్త కంట్రోలర్ కావాలనటంలో న్యాయమున్నది. భాష మారకుండా ఆకారమే మారితే అది సాంకేతికం కాదు, సుంకం.

1977లో అటారి కంపెనీ తన యంత్రానికి 9 పిన్నుల పోర్టు పెట్టింది. అది ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో అప్పటికే వాడుకలో వున్న మామూలు సరుకు. 1982లో వచ్చిన కమడోర్ 64 కంప్యూటర్‌కు అటారి జాయ్‌స్టిక్ తగిలిస్తే పనిచేసేది. ఒక కంపెనీ పిడి మరొక కంపెనీ యంత్రాన్ని నడిపినందువల్ల ప్రపంచం తలక్రిందులు కాలేదు.

ఆ పిమ్మట ఏమయింది? నింటెండో ఎన్.ఇ.ఎస్. 1985లో అమెరికా బజారుకు వచ్చింది. దాని కంట్రోలర్‌లోని చిన్న చిప్పు మీటల స్థితిని ఒక్కొక్క బిట్టుగా వరుసలో పంపుతుంది. విద్యుత్తుకు రెండు, సంకేతాలకు మూడు: మొత్తం 5 తీగలు. 1990లో జపానులో సూపర్ ఫామికామ్ వచ్చింది. మీటలు పెరిగాయి గనుక 8 బిట్ల వరుస 16 అయింది. ఇది నిజమైన మార్పే. కాని తీగలు అవే 5, పలికే పద్ధతీ అదే. ప్లగ్గు మాత్రం వేరు!

2001 నాటి ఎక్స్‌బాక్స్ మరింత స్పష్టమైన సాక్ష్యం. యు.ఎస్.బి. ప్రమాణం వచ్చి అప్పటికి అయిదేళ్లు. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ తీగలో నడిచింది ఆ యు.ఎస్.బి. భాషే. మైక్రోసాఫ్ట్ దానికి తన సొంత ఆకారపు ప్లగ్గు తొడిగింది. ఇలా చెయ్యక తప్పదనే వారికి సోనీయే జవాబు. 1994 ప్లేస్టేషన్ కంట్రోలర్ పోర్టును 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2లోనూ వుంచింది. పాత కంట్రోలర్‌తో పాత ఆటలు దానిమీద ఆడుకోవచ్చు.

ఆ సోనీయే 2020లో దారి మార్చింది. డ్యుయల్‌షాక్ 4ను ప్లేస్టేషన్ 5 గుర్తిస్తుంది, ప్లేస్టేషన్ 4 ఆటలు ఆడనిస్తుంది. ప్లేస్టేషన్ 5 ఆట పెట్టగానే వద్దంటుంది. కొత్త కంట్రోలర్‌లో వేలికి బిగువు తెలిసే మీటలు, సూక్ష్మమైన కంపనాలు వున్నాయని సమర్థన. వున్నాయి, మంచిదే. అవి లేకపోతే నడవని ఆటలో పాత దాన్ని నిరాకరించండి. అన్ని ఆటలకూ ఒకే తాళమెందుకు? అదే సంవత్సరం వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మీద ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లు కొత్త ఆటలనూ నడుపుతున్నాయి గదా!

అయితే మైక్రోసాఫ్టును మెచ్చుకుని కూర్చోవలసిన పని లేదు. 2023 నవంబరు నుంచి “అనధికార” ఉపకరణాలను ఎక్స్‌బాక్స్ నిరోధించటం మొదలుపెట్టింది. పోటీ ఆటలలో మోసానికి ఉపయోగపడే పరికరాలున్నమాట నిజం. పోటీలో మోసాన్ని పట్టుకోండి, ఎవరు కాదన్నారు? ఇంట్లో ఒంటరిగా ఆడుకునేవాడికి కూడా అదే నిషేధమా? చేతులు సరిగా కదలని మనిషి, తన శరీరానికి అనువుగా ఎడాప్టర్లతో కూర్చుకున్న పరికరం ఒక సాఫ్ట్‌వేర్ మార్పుతో పనికిరాకుండా పోవచ్చు. ఆయన కంపెనీకి మొర పెట్టుకోవటం సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకోవటమే.

చెయ్యలేక కాదు, చెయ్యక. 2018లో మైక్రోసాఫ్టే వికలాంగుల కోసం విడుదల చేసిన కంట్రోలర్‌కు 19 మామూలు 3.5 మిల్లీమీటర్ల రంధ్రాలున్నాయి. ఎవరు తయారుచేసిన స్విచ్చయినా గుచ్చుకోవచ్చు. ఆ ఒక్క పెట్టెకు సాధ్యమైనది యంత్రానికి ఎందుకు అసాధ్యం?

మన కోరికలు మూడు. సంకేతాల భాషను బహిరంగంగా ప్రకటించాలి. నిరాకరిస్తే ఆట వారీగా సాంకేతిక కారణం చూపాలి. కొన్న తరువాత సాఫ్ట్‌వేర్ ద్వారా తలుపు మూసే హక్కు వుండరాదు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. చేతిలో పట్టుకుని ఆడే యంత్రాలకు యు.ఎస్.బి. సి చార్జింగ్ పోర్టు వుండి తీరాలని 2024 డిసెంబరు 28 నుంచి యూరోపియన్ యూనియన్ చట్టం అమలు చేస్తున్నది. చార్జింగ్ పోర్టును శాసించగల చట్టం కంట్రోలర్ పోర్టును శాసించలేదా?

ఎలక్ట్రానిక్స్ బోధించే ఉపాధ్యాయులకు ఒక మనవి: పాత కంట్రోలర్ ఒకటి తరగతిలో విప్పి ఆ 5 తీగలూ చూపించండి. తీగల సంగతి తెలిసిన విద్యార్థి, ప్లగ్గు మారిందని అంత సులభంగా తల వూపడు.