తుప్పు కూడా వస్తువే

మన అభ్యుదయ విమర్శకు ఒక పాత జబ్బు వుంది. పద్యంలో ఛందస్సు తెంచినవాణ్ణి భుజాలమీద మోస్తుంది. బొమ్మలో ఆకారం తెంచినవాణ్ణి మాత్రం గుమ్మంలోనే ఆపి, “నీ వర్గమేది?” అని నిలదీస్తుంది. శ్రీశ్రీ అధివాస్తవికతను చేపడితే అన్వేషణ అన్నాం. శ్రీరంగం నారాయణబాబు కలనూ నెత్తురునూ కలిపి కవిత్వం రాస్తే నవ్యత అన్నాం. చిత్రకారుడు మాత్రం మనిషిని మనిషిలాగా, నాగలిని నాగలిలాగా గీసి తీరాలి! లేకపోతే అతడు రూపవాది, పలాయనవాది, ధనికుల గోడలకు రంగులద్దే పనివాడు. కవికిచ్చిన స్వేచ్ఛను చిత్రకారుడికి ఇవ్వకపోవడానికి మన సిద్ధాంతంలో కారణమేమీ లేదు. కారణం మన చూపులో వుంది. మనం చదవడం నేర్చుకున్నాం, చూడడం నేర్చుకోలేదు.

ఈ జబ్బు వల్ల మనం పోగొట్టుకున్నవాళ్ళలో సూర్యప్రకాశ్ ఒకడు. నేటి ఖమ్మం జిల్లా మధిరలో 1940లో పుట్టాడు. హైదరాబాదులో చిత్రకళ చదివాడు. 1960ల్లో ఢిల్లీ వెళ్ళి రామ్ కుమార్ దగ్గర పని నేర్చుకున్నాడు. 2019లో కన్నుమూశాడు. అరవై ఏళ్ళకు దగ్గరగా రంగుతోనే బతికిన మనిషి. తోటి చిత్రకారులకు ఆయన తెలుసు. బొమ్మలు కొనేవాళ్ళకు తెలుసు. కాని మన పత్రికలు చదివే విద్యార్థికి, మన సభల్లో కూర్చునే ఉపాధ్యాయుడికి ఆయన పేరు చెప్పి చూడండి! కాపు రాజయ్యను మనం ఎరుగుదుం, ఎరగవలసిందే. ఆయన పల్లె జనాన్ని, పండుగల్ని గీశాడు. మనకు పరిచయమైన లోకం ఆ బొమ్మల్లో మనల్ని పలకరిస్తుంది. సూర్యప్రకాశ్ బొమ్మ అట్లా పలకరించదు. మనమే దాన్ని పలకరించాలి. ఆ పాటి శ్రమ మనం పడలేదు.

ఆయన గురువు సంగతి ముందు చెప్పుకోవాలి. రామ్ కుమార్ పారిస్‌లో ఫెర్నాన్ లెజే వద్ద చదువుకుంటూ ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీలో చేరినవాడు. హిందీలో కథలు రాసినవాడు. 1950ల్లో ఆయన గీసింది నగరంలో పనీ పాటూ దొరక్క దిగాలుగా నిలబడ్డ మనుషుల్ని. 1960 ప్రాంతంలో కాశీ చూసి వచ్చిన తర్వాత ఆ మనుషులు ఆయన చిత్రాల్లోంచి క్రమంగా తప్పుకున్నారు. గోడలు, మెట్లు, నది మిగిలాయి. తర్వాత అవి కూడా కరిగి రంగులూ అంచులూ మిగిలాయి. పార్టీ కార్డు చూపించి నైరూప్య చిత్రాన్ని ఒప్పించాలని నేను ఈ మాట చెప్పడం లేదు. మనుషుల దుఃఖం తెలియనివాడే ఆకారాన్ని వదిలేస్తాడనే మన తేలిక లెక్క తప్పుతుందని మాత్రం చెబుతున్నాను. దుఃఖాన్ని ముఖంలో చూపించడం ఒక పద్ధతి. ఆ దుఃఖం అంటిన గోడను చూపించడం ఇంకొక పద్ధతి.

ఆ గురువు దగ్గరనుంచి వచ్చిన సూర్యప్రకాశ్ ఏం గీశాడు? కొండలూ కోనలూ కాదు. అప్సరసల్ని కాదు. తుక్కు గీశాడు! పాడుపడి పారేసిన మోటారు బళ్ళు, వాటి శిథిలాలు ఆయన తొలి దశ చిత్రాలకు వస్తువు. ఆ చిత్రాల్లో బండిని బండిగా పోల్చుకోవడం కష్టం. లోహం లోహంగా వుండదు; మడత అవుతుంది, నీడ అవుతుంది, చివరకు తుప్పు రంగే అన్నిటినీ మింగి కూర్చుంటుంది. వాటి ముందు నిలబడి మన విమర్శకుడు అడుగుతాడు: “ఇందులో ప్రజలెక్కడ?”

ప్రజలెక్కడో చూపిస్తాను. జహీరాబాదులో ట్రాక్టర్లు తయారుచేసే కర్మాగారం వుంది. ఆ వూరి మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఆ చుట్టుపక్కల వున్న రాయికోడ్ వంటి పత్తీ కందీ పండే వూళ్ళో ట్రాక్టరంటే ఏమిటో పిల్లవాణ్ణడిగినా చెబుతాడు. కొత్త ట్రాక్టరు ప్రచారపు పటంలో ఎర్రగా నవ్వుతుంది. దాని రెండో బతుకును ఎవరూ పటం కట్టరు: అప్పు, వాయిదా, విరిగిన భాగం, దొరకని డబ్బు, ఇంటి వెనక చెట్టుకింద నిలిచిపోయిన బండి, ఆఖరికి పాత ఇనుప సామాను కొనేవాడి తక్కెడ. యంత్రంలో గడ్డకట్టి వున్నది మృతశ్రమ అని మార్క్స్ మనకు చెప్పాడు. ఆ మాట పరీక్షల్లో రాస్తాం, సభల్లో వల్లిస్తాం. ఆ మృతశ్రమ రెండోసారి చావడం ఎట్లా వుంటుందో ఒక తెలుగువాడు రంగుల్లో చూపిస్తే, అందులో ప్రజలు లేరంటాం! చేసిన చేతులు లేకుండా ఆ ఇనుము రాలేదు. వాడిన చేతులు లేకుండా అది అరగలేదు. ఆ చేతులు గీయనక్కరలేదు. అరుగుదలే వాటి జాడ.

“ఇదంతా నీ వ్యాఖ్యానం, చిత్రకారుడు ఇట్లా అనుకున్నాడని నీకెవరు చెప్పారు?” అని ఒక మిత్రుడు అడగవచ్చు. ఆయన అట్లా అనుకున్నాడని నేను అనడం లేదు. అనుకోవలసిన పనీ లేదు. ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరం మన విమర్శకు ఓనమాల వంటిది. బాల్జాక్ రాచరికాన్ని కోరినవాడు. అయినా అతని నవలలు అతని కోరికను కాదని నిజం చెప్పాయని ఎంగెల్స్ ఆ ఉత్తరంలో మెచ్చుకున్నాడు. నవలాకారుడికి ఈ న్యాయం వర్తింపజేసి, చిత్రకారుణ్ణి మాత్రం ఉద్దేశపత్రం దాఖలు చెయ్యమనడం ఏమి న్యాయం?

మన రెండో అభ్యంతరం ఇంతకంటె గట్టిది: “ప్రజలకు అర్థం కాదు.” ఈ మాట అనేవాళ్ళు ప్రజల్ని గౌరవిస్తున్నామనుకుంటారు. నిజానికి ఇంతకంటె అవమానం లేదు. రాయికోడ్‌లో బతుకమ్మను పేర్చే తల్లిని చూడండి. గునుగు పూలకు రంగులద్ది, తంగేడు వరసమీద వరస తిప్పి, పసుపు పక్కన ఎరుపు ఎంత వుండాలో, తెలుపు ఎక్కడ ఆగాలో, శిఖరం ఎంత సన్నబడాలో ఆమె తేల్చుకుంటుంది. పేరు గౌరమ్మ, అందులో గౌరమ్మ ముఖం వుందా? కళ్ళున్నాయా? అది దేనికి నకలు? వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలిపే పిల్లను “దీని అర్థమేమిటి?” అని ఎవరైనా అడుగుతారా? తండాలో అద్దాల రవిక కుట్టే లంబాడీ స్త్రీ త్రికోణం పక్కన చతురస్రం కుడుతుంది. మన విమర్శకులు దాన్ని రూపవాదమని ఖండించినట్లు నేనెరగను! రంగుకు, గీతకు, వాటి పొందికకు వాటంతట అవే ఒక అర్థం వుందని శ్రామిక స్త్రీకి తరతరాలుగా తెలుసు. తెలియనిది మనకు. మన అజ్ఞానానికి ఆమె చేత సంతకం చేయిస్తున్నాం.

సూర్యప్రకాశ్ విషయంలో ఈ అభ్యంతరానికి మరొక జవాబు కూడా వుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆయన చాలాకాలం ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్‌గా పనిచేశాడు. ఆయన చిత్రాలు ఆ గోడలకెక్కాయి. ఇది అత్తరు పూసుకున్నవాళ్ళు గ్లాసులు పట్టుకొని తిరిగే ప్రదర్శనశాల కాదు. డబ్బు లేనివాళ్ళకు డబ్బు తీసుకోకుండానే వైద్యం చేసే చోటు. పల్లెనుంచి శుక్లం కోయించుకోవడానికి వచ్చిన రైతు తన వంతు కోసం కూర్చునే చోటు. రాయికోడ్‌నుంచి సుమారు 100 కిలోమీటర్లు బస్సులో వచ్చిన ముసలివాడికి కంటి పొర తీశాక ఎదటి గోడమీద ఏముండాలి? మంత్రిగారి ఫోటోనా? మందుల కంపెనీ క్యాలెండరా? ఆకుల మధ్య వెలుతురూ, నీళ్ళలో నీడలూ వున్న పటం ఒకటి వుంటే తప్పేమిటి? చూపు తిరిగి వచ్చినవాడికి రంగు రంగుగా కనిపించడంకంటె పెద్ద విషయవస్తువు ఏముంటుంది? ప్రజలవద్దకు కళ పోవాలని తీర్మానాలు చేసినవాళ్ళం మనం. ఈ నైరూప్య చిత్రకారుడు తీర్మానం లేకుండానే పోయాడు.

ఇక రూపవాదం అనే ముద్ర. ఈ ముద్ర ఎక్కడ తయారయిందో చరిత్రలో వుంది. మలేవిచ్ నల్ల చతురస్రాన్ని పెట్రోగ్రాడ్ గోడకు తగిలించింది 1915లో. రెండేళ్ళకు విప్లవం వచ్చింది. మూడో ఇంటర్నేషనల్‌కు స్మారక గోపురం ఎట్లా వుండాలో టాట్లిన్ 1919–20లో ఊహించాడు. అది ఏ మనిషి విగ్రహమూ కాదు, ఇనుమూ గాజూ కలిసి తిరిగే చుట్ట. అంటే విప్లవం తన పసితనంలో నైరూప్యాన్ని చూసి జడుసుకోలేదు. జడుపు తర్వాత వచ్చింది. 1934 రచయితల మహాసభ తర్వాత ఒక్క పద్ధతే పద్ధతయింది. 1962 డిసెంబరు 1న మాస్కోలోని మానెజ్ ప్రదర్శనలో క్రుశ్చేవ్ కొత్త చిత్రకారుల్ని నోటికొచ్చినట్లు తిట్టాడు. అటు అమెరికా ఏమీ తక్కువ తినలేదు. సాంస్కృతిక స్వేచ్ఛ పేరిట నడిచిన కాంగ్రెస్‌కు సి.ఐ.ఎ. డబ్బు వస్తున్నదని 1966–67లో బయటపడింది. నైరూప్య చిత్రం తమ స్వేచ్ఛకు జెండా అని వాళ్ళు చాటుకున్నారు. ఒకడు దాన్ని ద్రోహమన్నాడు, ఒకడు దాన్ని ఆయుధమన్నాడు. బొమ్మను బొమ్మగా ఇద్దరూ చూడలేదు. ఆ ప్రచ్ఛన్నయుద్ధం ముగిసి మూడు దశాబ్దాలు దాటింది. అందులో మనకు పంచి ఇచ్చిన తిట్లు మాత్రం ఇంకా మన నోట్లోనే వున్నాయి!

నైరూప్యం ధనికుల సరుకంటారు. నిజమే, కొనేవాడు ధనికుడు. త్యాగరాజ కృతికి సభ కట్టించింది ఎవరు? మంచి పుస్తకం ఖరీదయిన అట్టతో అచ్చువేసి అమ్మేదెవరు? సరుకుగా మారడం ఈ వ్యవస్థలో ప్రతి శ్రమకూ పట్టిన గతి. దానికి శ్రమ చేసినవాణ్ణి శిక్షించం. పైగా సరుకుదనాన్ని కొంతైనా ఎదిరించే మార్గాలు చిత్రకళలోనే వున్నాయి. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లో హేటర్ నడిపిన అట్లియే 17 అనే ఉమ్మడి కార్ఖానాలో ఏం చేశాడు? ఒకే లోహపు రేకును రకరకాల లోతుల్లో చెక్కి, ఒక రంగులో నూనె ఎక్కువా మరొక రంగులో తక్కువా కలిపి, ఒకటి గట్టి రోలరుతో, ఒకటి మెత్తని రోలరుతో ఎక్కించి, రంగులన్నిటినీ ఒక్క దెబ్బలో అచ్చొత్తే పద్ధతిని సహచరులతో కలిసి రూపొందించాడు. నూనె ఎక్కువున్న రంగు చిక్కటి రంగును తనపైకి రానివ్వదు. అంతా ఆ చిన్న సూత్రం మీదే నడుస్తుంది. ఒకే రేకునుంచి పదులకొద్దీ ప్రతులు వస్తాయి. పది చేతులు కలిస్తేనే వస్తాయి. 1968 పారిస్ విద్యార్థుల ఊరేగింపులు చూసి ఆయన ‘ప్రదర్శకులు’ అనే చిత్రం చెక్కాడు. అందులో నినాదపు అట్టలు వెతకకండి. వీధి నిండిన జనపు ఒరిపిడిని చూడండి. 2016లో న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియం ఆయన పనిని హేటర్, జరీనా హష్మీల పని పక్కన పెట్టి చూపించింది. ఆయన పుట్టిన జిల్లాలో ఆ పద్ధతిని ఎన్ని బడుల్లో చెబుతున్నాం?

అంతమాత్రాన రంగు చిమ్మిన ప్రతి గుడ్డా కళేనని నేననడం లేదు. చూడవలసినదాన్ని చూడకుండా తప్పించుకోవడానికి ఆకారాన్ని చెరిపేవాళ్ళూ వున్నారు, వాళ్ళను కడిగెయ్యవలసిందే. సూర్యప్రకాశ్‌ను కూడా ప్రశ్నించవచ్చు. తుక్కునుంచి ఆయన ఎండుటాకులకు, ఆకులనుంచి కొలనులకు పోయాడు. హైదరాబాదు కుళాయిలకు నీళ్ళిచ్చిన సింగూరు జలాశయం మంజీర మీద, రాయికోడ్‌కు పొరుగునే వుంది. దానికింద పొలాలు మునిగిన పల్లెలు ఈ ప్రాంతానివే. నీళ్ళంటే ఇక్కడివాళ్ళకు అందం ఒక్కటే కాదు, పోయిన భూమి కూడా. ఆయన కొలనులో ఆ మునక లేదని ఎవరైనా అంటే నేను కాదనను. తుక్కులో వున్న కరుకుదనం నీళ్ళలో తగ్గిందనే నా అభిప్రాయం. కాని ఇది చూసి చేయవలసిన విమర్శ. మనం చేసింది చూడకుండా కొట్టివేయడం. మొదటిది చిత్రకారుడికి బాకీ. రెండోది అతనికి అన్యాయం, మనకు నష్టం.

నష్టమని ఊరికే అనడం లేదు. కంటికి శిక్షణ లేని జనం ఎవడు ఏ పటం చూపిస్తే దాన్నే నమ్ముతుంది. నేడు మన కళ్ళముందు పటాలు ఎక్కువయ్యాయి, చూపు తగ్గింది. నాయకుడి నిలువెత్తు ఫ్లెక్సీ, చేతిలో ఫోనులో క్షణానికొకటి జారిపోయే బొమ్మ, ఏది నిజమో ఏది కల్పనో తెలియని వీడియో: ఇవన్నీ ఆకారాలున్న పటాలే. పోలిక వుండడమే సత్యమయితే వీటిని మించిన సత్యం లేదు! ఒక రంగుముందు పది నిమిషాలు నిలబడి, “ఇది ఇక్కడే ఎందుకుంది?” అని అడగగలిగిన విద్యార్థి, ఫ్లెక్సీ ముందు కూడా అదే ప్రశ్న అడుగుతాడు. అందుకే ఇది అలంకారం సంగతి కాదు, చదువు సంగతి.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. డ్రాయింగు పీరియడును లెక్కలకు అప్పగించకండి. రాయికోడ్ బడిగోడమీద మహనీయుల పటాల పక్కన సూర్యప్రకాశ్ తుక్కు చిత్రపు నకలొకటి పెట్టండి. కింద వివరణ రాయకండి. పిల్లలు ఏమంటారో రాసుకోండి. ఒకడు తుప్పంటాడు, ఒకతె ఎండిన చెరువంటుంది, ఒకడు వాళ్ళ నాయన బండి అంటాడు. ఆ మాటలు మన పత్రికకు పంపండి. అరవై ఏళ్ళుగా మన విమర్శకులు రాయవలసిన వ్యాసం అక్కడ మొదలవుతుంది.