చేతనున్న విద్యకు వెల

పదవీ విరమణ వయస్సును గూర్చి మన రాష్ట్రములలో జరిగినంత చర్చ విరమణానంతర జీవనమును గూర్చి ఎన్నడును జరుగలేదు. 1983లో ఆ వయస్సును 58 నుండి 55కు దింపినపుడు ఉద్యోగిలోకమంతయు అట్టుడికినది. కొంతకాలమునకు అది మరల 58 అయినది. రాష్ట్రము రెండైన పిదప ఆంధ్రప్రదేశమున 2014లో 60కిని, 2022లో 62కిని, తెలంగాణమున 2021లో 61కిని పెరిగినది. అయినను నెలాఖరు దినమున శాలువ కప్పించుకొని, దండ వేయించుకొని ఇల్లు చేరిన మనుష్యునకు ఇంకను పదునైదో ఇరువదియో ఏండ్ల సంసారము మిగిలియున్నదనియు, దానికి వలయు ధనము ఎచ్చటినుండి రావలెననియు ఆ వీడ్కోలు సభలో ఆలోచించువారు అరుదు.

పింఛను భిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది; ఆ దినమును పింఛనుదారులు నేటికిని తమ దినముగా జరుపుకొనుచున్నారు. కాని ఆ హక్కు అందరకు ఒక్క తీరున దక్కలేదు. 2004 సెప్టెంబరు 1 మొదలు రాష్ట్ర ప్రభుత్వపు కొలువున చేరినవారు పాత పింఛనునకు దూరమైరి. మిల్లులలోను, ప్రైవేటు కంపెనీలలోను ఒళ్ళు వంచి పనిచేసినవారికి 1995 నాటి పథకము క్రింద వచ్చు పింఛనుకు లెక్కించు జీతము సాధారణముగా 15,000 రూపాయలకు మించదు. 2014లో నిర్ణయించిన కనిష్ఠ పింఛను వేయి రూపాయలు. వేయి రూపాయలతో నెల గడచు ఇల్లు ఎచ్చట నున్నది? కావున విరమణానంతరపు ఆర్జనము కాలక్షేపము కాదు, ఆశ అంతకన్న కాదు. పెక్కు ఇండ్లలో అది మందుల ఖర్చు.

అయితే ఆర్జింపవలెనను తలంపు కలుగగానే మనవారి దృష్టి మొట్టమొదట చేతికి వచ్చిన మొత్తము మీదికే పోవుచున్నది. గ్రాట్యుటీయు, మిగిలిన సెలవుల జీతమును, పింఛనులో కొంతభాగమును ముందుగా అమ్ముకొనగా వచ్చిన సొమ్మును ఒక్కమారుగా ఖాతాలో పడినపుడు, జన్మలో అంత ధనము చూడనివానికి అది తరుగని నిధివలె తోచును. నూటికి మూడు రూపాయల వడ్డీ ఇప్పింతునను బంధువును, ఊరికి దూరమున వెంచరు వేసిన పెద్దమనిషియు, వ్యాపారమునకు పెట్టుబడి కావలెనను కొడుకును ఆ వారముననే గుమ్మములో నిలుతురు. 2001లో కృషి సహకార బ్యాంకు మూతపడినపుడును, ఆ తరువాత అగ్రిగోల్డు వ్యవహారము బయటపడినపుడును డిపాజిటుదారులు పడిన యాతన తెలుగుదేశము మరువదగినది కాదు. కూర్చుండి తినిన కొండలైనను తరుగునని సామెత. నేను చూచినంతవరకు మన విశ్రాంతోద్యోగుల కొండలు కూర్చుండి తినుటచే తరుగలేదు, ఒక్క సంతకముతో పోయినవి.

ఈ మొత్తమునకు తగిన చోటు తపాలా కార్యాలయమున కలదు. వయోవృద్ధుల పొదుపు పథకమున ఒక్కరు 30 లక్షల వరకు ఉంచవచ్చును, 8.2 శాతపు వడ్డీ చొప్పున ఆ 30 లక్షలపై మూడు నెలలకొకమారు 61,500 రూపాయలు వచ్చును. ఇంతకు మించి ఆ సొమ్మును పని చేయింపబూనరాదని నా దృఢాభిప్రాయము. పని చేయవలసినది సొమ్ము కాదు, ముప్పదియేండ్లుగా పండిన విద్య.

మా వీధిలో సబ్ ట్రెజరీలో పనిచేసి విరమించిన పెద్దలొకరు కలరు. ఉదయము కాఫీ అయినది మొదలు వారి అరుగుమీద ఎవరో ఒకరు సంచితో కూర్చుండియుందురు. ఒకనాడు ఒక ఉపాధ్యాయుని భార్య, భర్త పోయిన పిదప, కుటుంబ పింఛను కాగితములు తెచ్చినది. ఆయన కళ్ళజోడు సవరించుకొని, సర్వీసు పుస్తకపు నకలులో ఇంక్రిమెంట్ల వరుస వెంబడి వ్రేలు జరుపుచు పోయి, ఒకచోట ఆపి, ఇరువదినాలుగేండ్ల సర్వీసునకు రావలసిన స్కేలు ఈయనే లేదని పట్టుకొనెను. అప్పటికప్పుడే అర్జీ వ్రాసి, ఏయే కాగితములు జతపరుపవలెనో వెనుకవైపున గుర్తులు పెట్టి ఇచ్చెను. ‘అన్నయ్యగారూ, మీకేమిచ్చుకోమంటారు?’ అని ఆమె అడుగగా, ‘అబ్బే, మనలో మనకు డబ్బేమిటమ్మా!’ అనినారు. ఆమె యెడ అది ధర్మమే. కాని మిద్దెల మీద మిద్దెలు కట్టినవారు పే ఫిక్సేషనుకు వచ్చినపుడును వారి మాట అదియే. ఆ పెద్దమనిషియే తన గ్రాట్యుటీలో సగము, దారి కూడ లేని ఇండ్ల స్థలమునకు ధారపోసినారు; కంటి శస్త్రచికిత్స రెండేండ్లుగా వాయిదా పడుచున్నది.

లక్షలు పోగొట్టుకొనుటకు వెరువని మనము, అయిదు వందలు అడిగి పుచ్చుకొనుటకు నామోషీ పడుచున్నాము. జీతము మాత్రమే గౌరవప్రదమనియు, రుసుము పుచ్చుకొనుట బేరమనియు కచేరీ కుర్చీ మనకు నేర్పిన పాఠమును విడిచిపెట్టవలెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు బొంబాయి ప్రభుత్వపు కొలువును 1908లో తమంత తాముగా విడిచిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే మూసీనది హైదరాబాదును ముంచివేసినది. నిజాము ప్రభుత్వము వారిని ప్రత్యేక సలహా ఇంజనీరుగా రావించినది. వారి సూచనల ఫలమే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములు. కొలువు తీరినను విద్య తీరలేదు. మనకు అంతటి విద్య లేకపోవచ్చును. కాని ఉన్నంతవరకు దానికి వెల కలదు.

మార్గములు కొల్లలు. శాఖాపరమైన విచారణలకు విశ్రాంతాధికారులను నియమించుచున్నారు. బ్యాంకుల తరఫున పల్లెలలో లావాదేవీలు జరుపు బ్యాంకు మిత్రలుగా విశ్రాంత బ్యాంకు ఉద్యోగులకును, ఉపాధ్యాయులకును అవకాశము కలదు. లెక్కల ఉపాధ్యాయునకు విద్యార్థుల కొరత ఎన్నడును లేదు. ఊరగాయలు పెట్టుటలో చేయి తిరిగిన ఇల్లాలు ఆహార భద్రతా శాఖలో నమోదు చేయించుకొని అమ్మినచో ఆమె సంపాదన భర్త పింఛనును మించవచ్చును. ఒక్క హెచ్చరిక: అరువది దాటినవారికి ముందస్తు ఆదాయపు పన్ను బెడద లేదని చెప్పుదురు గాని, వృత్తివలన గాని వ్యాపారమువలన గాని ఆదాయమున్నవారికి ఆ వెసులుబాటు వర్తింపదు. ఇక పలుకుబడి నుపయోగించి తాము విడిచిన కుర్చీలోనే కాంట్రాక్టు పేరిట మరల కూర్చుండుటను మాత్రము నేను సమర్థింపజాలను; అది ఉద్యోగము కొరకు ఎదురుచూచు యువకుని చోటు.

ఇంచుమించు ప్రతి పట్టణమునను పింఛనుదారుల సంఘమునకు ఒక భవనమో, గదియో కలదు. అచ్చట వారమునకు రెండు దినములు ఒక బల్ల వేసి, ఏ పనికి ఎంత రుసుమో గోడమీద వ్రాయించి, పేదలకు ఉచితమని ఆ పట్టికలోనే చేర్చి, పని ఎరిగిన సభ్యులను వంతులవారీగా కూర్చుండబెట్టవలసినదని సంఘముల కార్యదర్శులను ప్రార్థించుచున్నాను. నోరు తెరచి అడుగలేనివాని పక్షమున ఆ పట్టిక అడుగును.