దేవుడి పేరు చెప్పకుండా కొండెక్కలేమా?

ట్రిప్ అనగానే మన క్లాస్ గ్రూపుల్లో వచ్చే పేర్లు మూడే. అరకు, ఊటీ, డబ్బులు తక్కువైతే సూర్యలంక. మార్కాపురం, గిద్దలూరు నుంచి వచ్చినవాళ్లు కూడా ఇవే చెబుతారు. "మీ వైపు కొండలున్నాయి కదరా" అంటే, "అక్కడేముంది, కరువు తప్ప" అని నవ్వేస్తారు. గిద్దలూరు దాటాక దిగువమెట్ట నుంచి గాజులపల్లి దాకా రైలు నల్లమల లోపల్నుంచే పోతుంది. అప్పుడు కూడా మనవాళ్లు ఫోన్లోనే ఉంటారు, అదీ సిగ్నల్ పోయేదాకా.

ఏముందో చెప్తాను. కంభం చెరువు ఉంది. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కొండలు దాటి వచ్చేచోట, రెండు కొండల మధ్య సందుని కట్టతో మూసేశారు. అంతే, వెనకంతా చెరువైపోయింది. తక్కువ కట్ట, ఎక్కువ నీళ్లు. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చారు. మన సివిల్ వాళ్లు ఇంకో సంగతి కూడా గమనించాలి. వెలిగొండ ప్రాజెక్టులో నల్లమల సాగర్‌కి వాడిన ఉపాయం కూడా ఇదే. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలు మూసి రిజర్వాయర్ చేయడం. ఐదు వందల ఏళ్ల తేడాతో అదే జిల్లాలో, అదే ఆలోచన. ఫీల్డ్ విజిట్ అని మనల్ని ఎక్కడెక్కడికో తిప్పుతారు కానీ ఈ కట్ట మీద నిలబెట్టి ఇది చెప్పినవాళ్లు లేరు.

ఇక రాచర్ల మండలంలో, అడవి లోపల నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి. కొండల నడుమ గుండ్లకమ్మ దూకి గుండంగా నిలిచే చోటు. శనివారం జనం వెళ్తారు. దక్షిణాన సి.ఎస్.పురం వైపు భైరవకోన, ఒకే కొండని తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. పైన త్రిపురాంతకం, శ్రీశైలానికి తూర్పు ద్వారం. ఈ పేర్లు వరసగా చదివితే ఒక సంగతి తడుతుంది. మా పడమటి ప్రకాశంలో కొండల్లోకి, నీళ్ల దగ్గరికి వెళ్లే దారులన్నీ దాదాపు గుడికి వెళ్లే దారులే. నల్లమలలో ఇప్పటికీ వేలమంది నడిచే పెద్ద నడక కూడా అదే. శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడుస్తారు, కన్నడ భక్తులైతే మరీ ఎక్కువ. వసంతంలో అడవి, కొండ, చెరువు అన్నీ కలిసిన నడక అంటే ఇంతకంటే ఏం కావాలి?

భక్తుల మీద నాకేం ఫిర్యాదు లేదు. అసలు ఆ దారులు ఇంకా బతికున్నాయంటే వాళ్ల కాళ్ల వల్లే. నా బాధల్లా వేరు. మొక్కు ఉంటే అడవిలోకి నడవచ్చు. మొక్కు లేకపోతే జీపులో కూర్చుని తుమ్మలబైలు సఫారీ చేసి రావాలి. ఊరికే చెట్టు చూడ్డానికి, మోదుగ పూసిందో లేదో తెలుసుకోడానికి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే నడకదారి ఒక్కటీ లేదు.

"అది పులుల అడవి, నీ ఇష్టం వచ్చినట్టు తిరగడానికి పార్కు కాదు" అంటారు. నిజమే. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. 1972 చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. ఆ నియమం ఉండాల్సిందే. దోర్నాల-శ్రీశైలం రోడ్డుని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూయడం కూడా సరైనదే. నేను అడిగేది కోర్ ఏరియా గురించి కాదు. అంచుల్లో రెండు మూడు దారులు, రోజుకి పాతికమంది, ముందుగా బుకింగ్, వెంట చెంచు గైడ్. పులుల అడవిని కాపాడే బేస్ క్యాంపుల్లో వాచర్లుగా తిరిగేది ఇప్పటికే చాలాచోట్ల చెంచులే. ఇప్పచెట్టు ఏ వారం పూస్తుందో, తేనెపట్టు ఏ బండకి పడుతుందో వాళ్లకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలీదు. ఆ తెలివికి రోజుకూలీ కాకుండా గైడ్ ఫీజు రావాలి. నాకు అడవి చూసిన సంతోషం కంటే ఇది పెద్ద కారణం.

వసంతం గురించి కూడా ఒక మాట. సినిమాల్లో వసంతం వేరు, నల్లమల వసంతం వేరు. ఫాల్గుణం వచ్చేసరికి ఆకు రాలిపోయి, కింద మోకాలి లోతు ఎండుటాకు. ఒక బీడీ ముక్క చాలు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. అందులో చాలామంది మన వయసుకి దగ్గరివాళ్లే. ఆ తర్వాత తమిళనాడు కొండల్ని శాశ్వతంగా మూసేయలేదు. 2024 అక్టోబరులో 40 దారులు ఎంపిక చేసి, ఆన్‌లైన్ బుకింగ్, స్థానిక గిరిజన గైడ్లతో తెరిచింది. మంటల కాలంలో మాత్రం ఆపేస్తుంది. మనకీ అదే లెక్క పనికొస్తుంది. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి శివరాత్రికల్లా ముగించాలి. ఉగాది ఎండలో ట్రెక్కింగ్ అని ఎవడైనా పోస్టర్ వేస్తే ముందు నేనే చింపేస్తాను.

ప్లాస్టిక్ సంగతి ఎత్తుతారని తెలుసు. కార్తీక వనభోజనాల మర్నాడు ఏ కోనకి వెళ్లినా కనపడేది చూసినవాళ్లెవరూ ఆ భయం తప్పనలేరు. అందుకే లెక్కపెట్టి పంపమంటున్నా. పాతికమంది పేర్లు రాసుకుంటే సంచులు కూడా లెక్కపెట్టొచ్చు. పాతికవేల మందిని లెక్కపెట్టలేం.

దారులు తెరిచేదాకా ఆగక్కర్లేని చోటు ఒకటుంది, కంభం కట్ట. చెరువు ప్రతి ఏడాదీ నిండదు కాబట్టి వెళ్లేముందు ఆ ఊరివాళ్లని ఎవరినైనా అడగాలి. నీళ్లుంటే మాఘమాసంలో ఒక ఆదివారం వెళ్దాం. రైలుకి కంభం స్టేషన్‌లో దిగడం, ఎండ ఎక్కకముందే కట్ట మీద ఉండటం, మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. లిటరరీ క్లబ్ గోడ మీద కాగితం అంటించా, పేర్లు రాయండి. నీళ్ల బాటిల్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఖాళీ అయ్యాక కూడా ఎవరిది వాళ్లే మోసుకురావాలి.